బర్రె తిన్న మొలకలు

మా మనవరాలు జుయి కొన్న మొలకల డబ్బాకు మూడంతస్తులున్నాయి. అద్దంలాంటి ప్లాస్టిక్, అడుగున సూదిమొనంత రంధ్రాలు, నీళ్లు ఎంతవరకు పోయాలో చెప్పే ఎర్రగీత, మూత మీద ఓ ఆకు బొమ్మ. చంద్రపూర్‌లో మా వంటింటి కిటికీ దగ్గర దాన్ని పెట్టి, జుయి పొద్దున ఒకసారి, ఆఫీసు నుంచి వచ్చాక ఒకసారి నీళ్లు మారుస్తుంది. నేను తెల్లవారుతూనే టీ పెట్టుకోవడానికి వెళ్లి, చెయ్యి ఊరుకోక ఆ మూత తీస్తాను. తీయగానే తడిసిన గింజ వాసన వస్తుంది, కొంచెం పచ్చిగా, కొంచెం మట్టిగా, లోపలెక్కడో పాల వాసన కలిసి. అది ముక్కుకు తగిలితే చాలు, డెబ్బై అయిదేళ్లు దాటిన ఈ మోకాళ్లు, టీచరుగా రిటైరైన ఈ కళ్లజోడు అన్నీ మరిచిపోయి, రాజురాకు కోసెడు దూరంలో, సాస్తి వైపు పోయే బండ్లబాట పక్కన ఉన్న మా ఇంటి పొయ్యి మూలకు వెళ్లి నిలబడతాను.

ఈ డబ్బా వాసనలో ఒక్కటి మాత్రం తక్కువ. మా ఇంట్లో మొలకలు మా నాన్న పాత రుమాలులో కట్టేవాళ్లం. రుమాలంటే జేబులో పెట్టుకునేది కాదు, తలకు చుట్టుకునే పాగా. మా నాన్నను మేము బాపు అనేవాళ్లం, అమ్మను అవ్వ అనేవాళ్లం. బాపు తలమీద మూడు నాలుగేళ్లు ఎండకు ఎండి, వానకు తడిసి, ఉతికి ఉతికి పాలమీగడంత మెత్తబడ్డాక ఆ రుమాలును అవ్వ నాలుగు ముక్కలు చేసి, బూడిద నీళ్లలో ఉడకబెట్టి, రాతిమీద బాది, మొలకల మూటలకు వాడేది. ఎంత ఉడకబెట్టినా అందులో బాపు నమిలే తంబాకు వాసన, పొయ్యి పొగ వాసన సన్నగా ఉండిపోయేవి. "మీ బాపు తలకాయ తగులనిది ఈ ఇంట్ల గింజ సుత మొలవది" అని అవ్వ వెక్కిరించేది. బాపు విననట్టు మీసం తుడుచుకునేవాడు.

మొలకలు కట్టడంలో మా అవ్వను మించినవాళ్లు మా వాడలోనే కాదు, చుట్టుపక్కల నాలుగూళ్లలో లేరు. ఇది నేను కూతురిననే ప్రేమతో అంటున్న మాట కాదు, తిన్నవాళ్లంతా అన్న మాట. పెసలకు ఒక రాత్రి, అలసందలకు రాత్రీ పగలూ, శనగలకు అంతకు కాస్త ఎక్కువ, సంత నుంచి వచ్చే ఎండు బఠాణీలు మొండివి గనుక గోరువెచ్చని నీళ్లలో నానబెట్టి బతిమాలాలి, అన్నిటికంటే పెంకివి అనుములు, వాటికి ఒకటిన్నర రోజు పడుతుంది, ఇవన్నీ ఆమెకు వేళ్ల మీద ఉండేవి. సాయంత్రం గింజలు నీళ్లలో పోసి, పైకి తేలిన తాలు గింజలు తీసి కోళ్లకు వేసి, పొద్దున నీళ్లు తేటగా వచ్చేదాకా కడిగి, రుమాలు ముక్కలో మూటగట్టి, వెదురు గంపలో మోదుగాకులు పరిచి దానిమీద పెట్టి, పైన మళ్లీ ఆకులు కప్పి, పొయ్యికి జానెడు దూరంలో ఉంచేది. చలికాలమైతే ఆ గంపకు గొంగడి చుట్టి జొన్నల గుమ్మిలో దించేది, మేము కప్పుకోవడానికి గొంగడి లేకపోయినా సరే. మూటమీద రోజుకు మూడుసార్లు చేత్తో నీళ్లు చిలకరించాలి, అంతే, విప్పి చూడకూడదు. నేను దొంగచాటుగా విప్పి చూస్తే ఎలాగో కనిపెట్టేది, ముడి నేను కట్టినట్టు ఉందో తాను కట్టినట్టు ఉందో ఆమె వేళ్లకు తెలుసు. తాను మాత్రం మూటను రెండు చేతులతో ఎత్తి చెంపకు ఆనించుకునేది. మూట చల్లగా ఉంటే గింజ ఇంకా నిద్రలో ఉన్నట్టు, వెచ్చబడితే లేచినట్టు. ఆ వెచ్చదనం నా చెంపకు కూడా తగిలించి, "సూడు, పాణమున్నది లోపట" అనేది.

ఇక్కడ ఒక సంగతి చెప్పాలి, లేకపోతే తర్వాతి కథ అర్థం కాదు. మా ఇళ్లల్లో మొలక అంటే ముక్కు. గింజ చీలి తెల్లగా వడ్లగింజ మొనంత ముక్కు కనిపించిందంటే సరిపోయినట్టే, వెంటనే ఉడకబెట్టి, ఎండుమిరపకాయలు, ఉల్లిగడ్డ వేసి తాలింపు పెట్టి గుడాలు చేసేయాలి. ముక్కు పెరిగి తోకైతే పాడైపోయిందని లెక్క. తోక మొలిచిన గింజను మా వాడలో మనిషి నోటపెట్టడు, పశువుకు పెడతారు. ఎవరింటి గుడాల్లోనైనా తోకలు కనిపిస్తే ఆ ఇంటి ఆడమనిషి వేళ మరిచి ముచ్చట్లు పెట్టుకుని కూర్చుందని పదిమందీ నవ్వేవాళ్లు. అవ్వ గుడాల్లో అలాంటి తోక ఒక్కటి కూడా ఎవరూ ఎన్నడూ చూడలేదు.

గుడాలు లేని పండుగ మాకు పండుగలా ఉండేది కాదు. ఎడ్ల కొమ్ములకు రంగులు పూసి ఊరేగించే పొలాల అమావాస్యకు అనుముల గుడాలు, బతుకమ్మ ఆడివచ్చిన సాయంత్రం అలసంద గుడాలు, ఎవరింట్లోనైనా పిల్ల పుట్టి ఇరవై ఒక్క రోజులు నిండితే పెసర గుడాలు, జ్వరం తగ్గి లేచినవాళ్లకు ఉప్పు మాత్రం వేసిన మొలకల ఉడుకునీళ్లు. వానాకాలం మధ్యాహ్నాలు అరుగు మీద ఓమనగుంటలు ఆడడానికి కూడా మాకు అనుములే గవ్వలు. నల్లచారల అనుము ఒకటి ఉండేది, చారలు గింజ నడుముకు మొలతాడులా చుట్టుకుని ఉండేవి. గెలిచిన గింజలు లంగా చెరుగులో ముడేసుకుని పడుకుంటే, ఒకసారి నా చెమటకే అవి నాని ముక్కు పొడిచాయి. అవ్వ చూసి కోప్పడలేదు, "నా బిడ్డ ఒళ్లు సుత ఎచ్చగుంటది" అని వాడంతా చెప్పుకొచ్చింది.

ఆ రోజుల్లోనే మా ఊరు ఒక రాష్ట్రం నుంచి ఇంకో రాష్ట్రానికి పోయింది. మేము ఎక్కడికీ పోలేదు, మా ఇల్లు అక్కడే, మా బావి అక్కడే, మా బర్రె అదే గుంజకు కట్టేసి ఉంది. నేను పుట్టినప్పుడు ఆదిలాబాద్ జిల్లా, హైదరాబాద్ రాష్ట్రం. ఒకరోజు రాజురా సంత నుంచి వచ్చిన బాపు, ఇకమీదట మనం బొంబాయి రాష్ట్రం అన్నాడు. మొదట నాందేడ్ జిల్లా అన్నారు, కొన్నాళ్లకు చాందా జిల్లా అన్నారు, ఆ తర్వాత రాష్ట్రానికే మహారాష్ట్ర అని పేరు వచ్చింది. మా గడప కదలకుండా మేము మూడు రాష్ట్రాల్లో కాపురం చేశామని బాపు చెప్పుకుని నవ్వేవాడు. పెద్దవాళ్లకు పెద్ద తేడా రాలేదు, సంతలో మరాఠీ, కచేరీలో ఉర్దూ, ఇంట్లో తెలుగు వాళ్లకు ముందునుంచీ అలవాటే. సంతకు పోని మా ఆడపిల్లలకే చిక్కు వచ్చింది. మా బడిలో తెలుగు చెప్పే పంతులు పెట్టె సర్దుకుని ఆసిఫాబాద్ వైపు వెళ్లిపోయాడు. ఆ వానాకాలం బడి తెరిచేసరికి గోడమీద కొత్త అక్షరాలున్నాయి, కుర్చీలో కొత్త టీచరు ఉంది.

ఆమెను అందరం బాయి అనేవాళ్లం, మరాఠీలో టీచరమ్మను అలాగే పిలుస్తారు. ముప్పయ్యేళ్లుంటాయి, వర్ధా వైపు మనిషి, ఒక ట్రంకుపెట్టె, ఒక గొడుగు, ఒక ఇత్తడి స్టవ్వు తెచ్చుకుని ఒక్కతే వచ్చి మా పక్కింటి ముందుగదిలో దిగింది. మంచి మనిషి, కాని తెలుగు ఒక్క ముక్క రాదు. నాకు మరాఠీ చెవికి కొంచెం తెలుసు, నోటికి రాదు. మూడో తరగతి పాసై, తెలుగు పుస్తకం తిరగేసి పట్టుకున్నా చదవగలిగిన నన్ను, అక్షరాలు రావు గనుక, ముక్కు కారే ఒకటో తరగతి పిల్లల మధ్య చాపమీద కూర్చోబెట్టారు. నా మోకాళ్లు వాళ్ల తలలంత ఎత్తులో ఉండేవి. ఆ అవమానం ఇప్పటికీ గుర్తొస్తే నాకు చెవులు వేడెక్కుతాయి.

ఇంటికొచ్చి చెబితే బాపు తాడు పేనడం ఆపాడు. తర్వాత తంబాకు ఊసేసి, "మూడు సదివిన పోరి మల్ల ఒకటోదాంట్ల కూసుంటదా? అట్లయితే బడి సాలు. పత్తి ఏరవోతది" అన్నాడు. కోపంతో అన్న మాట కాదు, నా అవమానం చూడలేక అన్నాడు, అందుకే దాన్ని వెనక్కి తీసుకునేలా చేయడం కష్టం. అవ్వకు మాత్రం నా చదువు మీద ఆశ ఉండేది. మంచిర్యాల నుంచి మేనమామ రాసే ఉత్తరాలు అంతకుముందు పంతులు దగ్గరికి తీసుకుపోయి చదివించుకునేది, ఇంటి సంగతులన్నీ పరాయివాళ్ల నోట వినాల్సి వచ్చేది. నేను చదవడం మొదలుపెట్టాక ఆ ఉత్తరాలు మా పొయ్యి దగ్గరే చదువుకున్నాం. ఆమె బాయి గదికి పోయి, నన్ను మధ్యలో నిలబెట్టి, చేతులతోనే మాట్లాడి ఒక సంగతి తెలుసుకుని వచ్చింది. కొద్దిరోజుల్లో జిల్లా ఆఫీసు నుంచి ఒక సాహెబు బడి చూడటానికి వస్తాడు, పెద్దపిల్లలతో మరాఠీలో మాట్లాడి చూస్తాడు, జవాబు చెప్పగలిగినవాళ్లను పై తరగతిలో రాస్తాడు. బాపుతో అవ్వ ఒకటే అంది, "సాహెబు రానీ. అప్పుడు సూద్దాం."

ఆ సాహెబు వచ్చే వారంలోనే బాయి మా ఇంటికి వచ్చింది. వచ్చిన పెద్దమనిషికి బడిలో అన్నం పెట్టాలి, శ్రావణమాసం, వాళ్ల వైపు ఆ నెలలో వాల్ గింజలకు మొలకలు కట్టి ఉసళ్ అనే కూర చేసుకుంటారు. వాళ్ల వాల్ అంటే మా అనుములే. ఆమె తన గదిలో ఒంటరిగా కట్టుకుంటే రెండుసార్లు బూజుపట్టాయట, మా అవ్వ చేతి గుణం గురించి విని వచ్చింది. గింజలు చూపించి, ముడి కట్టినట్టు చూపించి, మోడ్, మోడ్ అంది. మోడ్ అంటే మొలక అని నేను చెప్పాను. మొలక ఎంత ఉండాలో ఆమె చెప్పలేదు, అవ్వ అడగలేదు. మొలక ఎంతుండాలో తెలియని మనిషి ఉంటుందని ఇద్దరిలో ఎవరికీ తోచలేదు. అవ్వ పొంగిపోయింది. తన కూతురి తరగతి ఎవరి చేతిలో ఉందో ఆ సాహెబు తన చేతి మొలకలు తింటాడు. నల్లచారల అనుములు రెండు శేర్లు కొలిచి నానబెట్టింది, మామూలుగా ఒకసారి ఏరేది ఆ రోజు మూడుసార్లు ఏరింది.

రెండో రోజు పొద్దున ఆమె మూటను చెంపకు ఆనించి ఉలిక్కిపడింది. విప్పి చూస్తే గింజలన్నీ వేలి కణుపంత తోకలతో ఒకదానికొకటి అల్లుకుని ఉన్నాయి. ముసురు పట్టిన వాన, ఆరకుండా మండిన పొయ్యి, గింజలు రాత్రికి రాత్రి లేచి కూర్చున్నాయి. అవ్వ ముఖం చిన్నబోయింది. ఇరవై ఏళ్లలో ఎన్నడూ రాని తోకలు, వచ్చి వచ్చి ఈరోజే రావాలా అని తల కొట్టుకుంది. ఎవరూ చూడకముందే, వాడ మేలుకోకముందే, ఆ రెండు శేర్ల మొలకలను తట్టలో ఎత్తి దొడ్లోకి తీసుకుపోయి బర్రె ముందు పోసింది. మా బర్రెకు అంతటి విందు అంతకుముందు లేదు, ఆ తర్వాతా లేదు.

మధ్యాహ్నం బడి వదిలాక బాయి సంబరంగా వచ్చింది, మొలకలు ఒలుద్దామని తన ఇత్తడి గిన్నె కూడా తెచ్చుకుంది. అవ్వ తల వంచుకుని ఆమెను దొడ్లోకి తీసుకుపోయి చూపించింది. బర్రె తొట్టి అంచున ఇంకా పిడికెడు మొలకలు మిగిలి ఉన్నాయి, పొడుగ్గా, తెల్లగా. బాయి ఒకటి తీసి కడిగి పట్టుకుని, తన వేలు పక్కన పెట్టి చూసి, ఇంతే కావాలి, సరిగ్గా ఇంతే కావాలి అన్నట్టు తల ఊపింది. వాళ్లింట్లో తోక రాని గింజను మొలక అనరట. తోక రావాలి, అప్పుడు వేడినీళ్లలో వేసి నొక్కితే పొట్టు ఊడి లోపలి తెల్లటి పప్పు జారిపడుతుంది, అదీ కూర. విషయం బోధపడ్డాక అవ్వ బర్రెను చూసింది, బర్రె నెమరువేస్తూ అవ్వను చూసింది. బాయి నవ్వడం మొదలుపెట్టి, నవ్వి నవ్వి, తొట్టి పక్కన గడ్డిమోపు మీద కూర్చుని కళ్లు తుడుచుకుంది. చివరికి ఆ తుడుచుకోవడం నవ్వుది కాదని నాకు అనిపించింది. ఇంటిని వదిలి వచ్చాక ఆ కూర రుచి చూసి ఆమెకు ఎన్నాళ్లయిందో.

ఆ రాత్రి ఏటికి నీళ్లొచ్చి పడవ ఆగిపోయింది. సాహెబు రావడం నాలుగైదు రోజులు వెనక్కి పోయిందని కబురొచ్చింది. అవ్వ బూడిద కలిపి గింజలు దాచిన కుండ దించింది, పొలాల అమావాస్యకని ఉంచుకున్న అనుములవి. ఈసారి బాయి కూడా మా పొయ్యి దగ్గరే కూర్చుంది. ఆమె చెబుతూ పోయింది, నేను వెంట అంటూ పోయాను. ఆధీ భిజవాయచే, ముందు నానబెట్టాలి. మగ్ బాంధాయచే, తర్వాత కట్టాలి. మోడ్ ఆలే కీ సోలాయచే, మొలకలు వచ్చాక పొట్టు తీయాలి. నీళ్లు, గుడ్డ, చీకటి, వేడి, చెంప, వాసన, ఒక్కొక్క మాట ఒక్కొక్క పనితో పాటు నా చేతికి వచ్చింది. ఒకటో తరగతి చాపమీద రెండు నెలలు కూర్చుంటే రాని మరాఠీ మూడు రోజుల్లో అనుములతో పాటు మొలిచింది. అవ్వకేమో తోకలు రానివ్వడం కష్టమైపోయింది. ముక్కు రాగానే చెయ్యి తానే ముడి మీదికి పోయేది, బాయి ఆ చెయ్యి పట్టుకుని ఆపేది. ఒలిచేటప్పుడు మాత్రం ఇద్దరికీ పోటీ, పొట్టు కుప్ప ఎవరిది పెద్దదో చూసుకోవడమే. ఆ మూడు రోజులూ బాపు అరుగుమీద కూర్చుని తాడు పేనుతూ లోపలి మాటలు విన్నాడు, పత్తి మాట మళ్లీ ఎత్తలేదు.

సాహెబు వచ్చిన రోజు వాన వెలిసింది. పొద్దుటినుంచి ప్రయాణం చేసి ఆకలిమీద ఉన్నాడు, అందుకని ముందు భోజనమే పెట్టారు. మోదుగాకుల విస్తరిలో జొన్నరొట్టె, ఆ ఉసళ్, దాని పక్కనే అవ్వ ఊరుకోలేక చేసిన మా పద్ధతి గుడాలు. రెండూ తిన్నాడు, రెండూ మళ్లీ వేయించుకున్నాడు. అవ్వ గిన్నె పట్టుకుని తలుపు బయట వరండాలో నిలబడి ఉంది, లోపలికి రాలేదు. కుర్చీలో కూర్చున్న మనిషి ముందుకు మా ఆడవాళ్లు రారు.

తర్వాత పెద్దపిల్లలను ఒక్కొక్కరినే పిలిచాడు. నా వంతు వచ్చింది. ఏదో రాజు పేరు అడిగాడు, తెలియదు. ఏదో నది ఎక్కడ పుట్టిందని అడిగాడు, ప్రశ్న అర్థమైంది, జవాబు మరాఠీలో రాలేదు. నేను నేల చూస్తూ నిలబడ్డాను. బాయి చీర కొంగు వేలికి చుట్టుకుంటోంది. నాకు పత్తిచేను కళ్లముందు కనిపించింది, కాయలు గీరుకున్న చేతులు కూడా కనిపించాయి. సాహెబు పెన్ను మూత పెట్టబోయి, జాలిపడ్డట్టున్నాడు, సరే, నీకు తెలిసింది ఏదైనా చెప్పు అన్నాడు.

నాకు తెలిసింది ఒక్కటే. ఆధీ వాల్ భిజవాయచే అని మొదలుపెట్టాను. తేలిన గింజలు ఎందుకు తీసేయాలో చెప్పాను, రుమాలు ఎందుకు మెత్తగా ఉండాలో చెప్పాను, మూట ఎందుకు విప్పకూడదో, చెంపకు ఎలా ఆనించాలో చేసి చూపించాను. నా మరాఠీ పొడుగంతా ఒక అనుము గింజ పొడుగే, కాని ఆ గింజలోపల నేను ఎక్కడా తడబడలేదు. చెబుతూ చెబుతూ ఆగడం తెలియక, మొదటిసారి తోకలొచ్చాయని అవ్వ రెండు శేర్లూ బర్రెకు వేసిన సంగతి కూడా చెప్పేశాను. సాహెబు ఫక్కున నవ్వాడు. బాయి నవ్వింది, సాహెబు వెంట వచ్చిన బంట్రోతు నవ్వాడు, పిల్లలంతా నవ్వారు.

వరండాలో ఉన్న అవ్వకు ఒక్క మాట అర్థం కాలేదు, నవ్వు మాత్రమే వినపడింది. కూతురు తప్పు చెప్పిందనీ, అంతమందీ కలిసి ఎగతాళి చేస్తున్నారనీ అనుకుంది. గిన్నె కింద పెట్టి, కొంగు తలమీదికి లాక్కుని, జీవితంలో మొదటిసారి కుర్చీ బల్ల ఉన్న గదిలోకి నడిచివచ్చింది. మధ్యలో ‘బర్రె’ అన్నట్టు తలమీద వేళ్లు పెట్టి నేను చూపించిన కొమ్ములు తలుపు సందులోంచి కనిపించాయేమో, సాహెబు ఎదుట చేతులు జోడించి, "దొరా, తప్పు నాది. బర్రెకేసింది నేను. పిల్లకు ఎర్క లేదు. దాన్ని ఎన్కకు తొయ్యకుండ్రి" అంది. తల మాత్రం దించలేదు.

నవ్వు ఆగిపోయింది. సాహెబు నా వైపు తిరిగి, ఈమె ఏమంటోందని మరాఠీలో అడిగాడు. బాయికి తెలుగు రాదు, సాహెబు అడిగింది నన్నే, నా మరాఠీ చూస్తే అంతంత మాత్రం. నాకు ఏడుపు వస్తోంది, గర్వం కూడా వస్తోంది, రెండూ ఒకేసారి రావడం నాకు అదే మొదలు. ఆయీ మ్హణతే, మ్హశీలా మీచ్ ఘాత్లె అన్నాను, బర్రెకు వేసింది నేనే అని అమ్మ అంటోంది అని. ఇంకా ఏమంది అని అడిగాడు. అవ్వ అడిగింది నన్ను వెనక్కి తోయవద్దని మాత్రమే. నేను దాన్ని కాస్త పెద్దది చేశాను. చౌథీత్ బసవా అంటోంది అన్నాను, నాలుగో తరగతిలో కూర్చోబెట్టమంటోంది అని. సాహెబు నన్ను చూశాడు, అవ్వను చూశాడు, పెన్ను మూత మళ్లీ తీశాడు.

ఇంటికి పోయేటప్పుడు దారిలో అవ్వ, "అయితె ఎందుకు నవ్విండ్రే?" అని అడిగింది. బర్రె సంగతికి నవ్వారని, నన్ను చూసి కాదని చెప్పాను. గిన్నె చంకకు మార్చుకుని, "నవ్వితె నవ్వనీ. నాలుగుల కూసున్నవ్ గద" అంది. దారిపొడుగునా కనిపించిన ప్రతి మనిషికీ ఆ మాటే చెప్పింది. మర్నాడు పొద్దున లేచి చూస్తే విరిగిన నా పలకకు బాపు కొత్త చెక్క బిగించి పొయ్యి గట్టుమీద పెట్టి ఉంచాడు.

నేను మరాఠీ బడుల్లో ముప్పై ఏళ్లు పాఠాలు చెప్పాను. ప్రతి శ్రావణంలో పిల్లలచేత మూటలు కట్టించి, చెంపకు ఆనించి చూడమనేదాన్ని. ఒకసారి నా క్లాసులో మొలకలు మరీ పొడుగైపోతే పిల్లలు భయపడ్డారు, నేను నవ్వి వాళ్లకు బర్రె కథ చెప్పాను. అవ్వ ముసలిదయ్యాక ఒకరోజు నా బడికి వచ్చి, వరండాలో కాదు, నా కుర్చీలో కూర్చుని నా పాఠం విన్నది. ఒక్క ముక్క అర్థం కాకపోయినా పిల్లలు నవ్వినప్పుడల్లా తానూ నవ్వింది.

ఇప్పుడు ఆ ఊరు లేదు. మా ఇల్లున్న చోటు బొగ్గు గనిలోకి పోయింది, బడి పోయింది, దాని మీద ఇప్పుడు గని తవ్విపోసిన మట్టిగుట్ట ఉంది, దాని మీద సర్కారు తుమ్మలు మొలిచాయి. నల్లచారల అనుము కోసం రాజురా, కోఠారి సంతల్లో ఎన్నోసార్లు అడిగాను, ఎవరి దగ్గరా లేదు. అవ్వ పోయింది, బాయి పోయింది, రుమాలు చుట్టే మగవాళ్లూ కనబడరు. మూడు తరగతుల్లో నేర్చుకున్న తెలుగు అక్షరాలతోనే ఇదంతా రాస్తున్నాను, మా ఇంట్లో వీటిని చదవగలిగిన మనిషి నేను తప్ప ఇంకొకరు లేరు. ఆ సంగతి బాధగానే ఉంటుంది. నాలుగో తరగతి కావాలని అడిగింది నేనే గనుక ఎవరినీ అనను.

నిన్న పొద్దున ఆ ప్లాస్టిక్ డబ్బా మూత తీస్తే పుల్లటి వాసన కొట్టింది. జుయి ఆఫీసు పని మీద రెండు రోజులు నాగపూర్ వెళ్లింది, నీళ్లు పోయమని నాకు చెప్పడం మరిచింది, నేను మోకాలి నొప్పితో మంచం దిగలేదు. తోకలు నల్లబడి జిగురెక్కాయి. ఇంతమంచి పెసలు ఎవరు పాడుచేశారని, తెలిసే, కాస్త గట్టిగా అడిగాను. బ్యాగు ఇంకా భుజం మీదే ఉన్న జుయి వంటింటి గడప దగ్గర ఆగి, చేతులు జోడించి, తల మాత్రం దించకుండా, "బర్రెకేసింది నేను" అంది. మా ఇంట్లో గాజు గ్లాసు పగిలినా, పాలు పొంగినా, పిల్లలు తప్పు ఒప్పుకునే పద్ధతి అదే, నా కొడుకు చిన్నప్పటినుంచీ. మరాఠీ తప్ప తెలియని ఆ పిల్లకు వచ్చిన తెలుగంతా ఆ రెండు మాటలే, అదీ మా అవ్వ గొంతుతో వచ్చింది. నేను అల్మారా తెరిచి, నా పాత నూలుచీర ఒకటి తీసి, మూటకు సరిపోయే ముక్క చింపి ఆమె చేతికిచ్చాను.